కణితి కొలత

వైద్యుడు మందిచ్చుటతో అతని పని ముగియదు. ఆ మందు పనిచేసినదా లేదా యని తెలిసికొనుట ఒక్కొక్కప్పుడు మందిచ్చుటకన్న కష్టము. జ్వరమైనచో ఒంటిపై చేయి వేసి చూడవచ్చును. పుండైనచో కంటితోనే చూడవచ్చును. కాని కుడి ప్రక్కటెముకల మాటున దాగియున్న కాలేయములో క్యాన్సరు కణితి పుట్టినపుడు, చికిత్స పిదప అది చచ్చినదో బ్రతికియున్నదో తెలియుటెట్లు? తెలియనిచో రెండు విధముల కీడు కలదు. పనిచేయని చికిత్సను సాగించినచో విలువైన కాలము వ్యర్థమగును. పనిచేయుచున్నదానిని మానినచో రోగి ప్రాణమునకే ముప్పు వచ్చును.

పూర్వము వైద్యులు కడుపును చేతితో తడిమి కణితి పరిమాణమును అంచనా వేసెడివారు. ఆ చేతులను ఎంతవరకు నమ్మవచ్చునో తేల్చుటకు మోర్టెల్, హాన్లీ అను అమెరికా పరిశోధకులు ఒక చక్కని పరీక్ష పెట్టి, దాని ఫలితమును 1976లో ప్రకటించిరి. వారు 12 గట్టి గోళములను మెత్తని రబ్బరు నురుగు క్రింద దాచి, క్యాన్సరు చికిత్సలో ఆరితేరిన 16 మంది వైద్యులను కొలువుమనిరి. గోళములు పెరుగలేదు, తరుగలేదు. అయినను ఒకరి కొలత మరియొకరి కొలతతో సరిపోలేదు. మార్పు లేని గోళమే సగమునకు సగము తగ్గినట్లు లెక్క తేలిన సందర్భములును కలవు! అది వైద్యుల తప్పు కాదు. చేతివ్రేళ్లకు అంతకుమించిన శక్తి లేదు.

1895లో రాంట్‌జన్ కనుగొనిన ఎక్స్ కిరణములు ఎముకలను చక్కగా చూపినవి గాని, కాలేయమువంటి మెత్తని అవయవముల లోపలి భేదములను అంత స్పష్టముగా చూపలేకపోయినవి. హౌన్స్‌ఫీల్డ్ అను ఆంగ్లేయ ఇంజనీరు ఆ కిరణములనే అన్ని వైపులనుండి పంపి, గణనయంత్రముచే లెక్కకట్టించి, దేహమును అడ్డముగా కోసిన పలుచని పొరలవలె చూపు సి.టి. యంత్రమును నిర్మించెను. 1971 అక్టోబరు 1న లండనులో తొలిసారిగా ఒక రోగి తలను దానితో చిత్రించిరి. కొంతకాలమునకు కడుపును గూడ చిత్రింపగల యంత్రములు వచ్చెను. ఇక కణితిని మిల్లీమీటర్లలో కొలువవచ్చును. కణితుల వ్యాసముల మొత్తము నూటికి 30 వంతులైనను తగ్గినచో చికిత్స ఫలించినట్లని 2000లో ఒక అంతర్జాతీయ నియమము ఏర్పడెను.

కొలత కుదిరినది, కాని కొలువదగినది ఏది? చెట్టు చచ్చిన మరునాడే కూలిపోవునా? ఎండిన మ్రాను ఎన్నాళ్లో అంతే యెత్తున నిలిచియుండును. కాలేయపు కణితియు అట్టిదే. సొరాఫెనిబ్ అను మందును 602 మంది రోగులపై పరీక్షించి, ఫలితములను 2008లో ప్రకటించిరి. మందు తీసికొన్నవారి జీవితకాలపు మధ్యగతము 10.7 నెలలు, మందు లేని ఉత్తమాత్రలు మ్రింగినవారికి 7.9 నెలలు. అనగా మందు ఆయువును పొడిగించినది. మరి వ్యాసములను కొలిచి చూచినచో? కణితి నియమానుసారము తగ్గినవారు నూటికి ఇద్దరే. పరిమాణమునే నమ్మియున్నచో ఆ మందును పారవేయవలసివచ్చెడిది.

ఇక్కడ కాలేయపు నిర్మాణమే వైద్యులకు దారి చూపినది. మాంసపు దుకాణములో కార్జమని పిలువబడు ఈ అవయవమునకు రెండు మార్గముల నెత్తురు వచ్చును. నాలుగింట మూడు వంతులు ప్రేగులనుండి ద్వారసిర తెచ్చును. మిగిలినది కాలేయ ధమని తెచ్చును. కాలేయములోనే పుట్టిన క్యాన్సరు కణితియో, ముఖ్యముగా ధమని నెత్తురుతోనే బ్రతుకును. కావున చేతి సిరలోనికి అయొడిన్ గల ద్రవమునెక్కించి చిత్రించినచో, సుమారు అర నిమిషములో ధమని మార్గమున వచ్చిన ద్రవముతో కణితి తెల్లగా మెరయును. నిమిషము దాటునప్పటికి ద్వారసిర ద్రవముతో కాలేయమంతయు తెల్లబడును, కణితి వెలవెలబోవును. మెరసినది బ్రతికియున్న భాగము. మెరయనిది, ఎంత పెద్దదైనను, చచ్చిన భాగము.

చికిత్సయు ఆ మార్గముననే సాగును. తొడ మొదటనున్న ధమనిలో సన్నని గొట్టమును దూర్చి, కణితిని పోషించు శాఖవరకు నడిపి, మందును పోసి, ఆ దారిని మూసివేయుదురు. మందును తరచుగా లిపియొడాల్ అను నూనెలో కలుపుదురు. ఇది అయొడిన్ చేర్చిన గసగసాల నూనె యనిన మీకు వింతగా తోచవచ్చును! అయితే ఒక చిక్కు కలదు. ఆ నూనె కణితిలో నిలిచి, సి.టి. చిత్రములో తానే తెల్లగా కనబడును. ఆ తెలుపు నూనెదో, బ్రతికిన కణితిదో చెప్పుట కష్టము. అప్పుడు అయస్కాంతబలముతో చిత్రించు ఎం.ఆర్.ఐ. యంత్రము ఆదుకొనును, దానికి ఆ నూనె పెద్దగా అడ్డురాదు.

2000లో బార్సిలోనాలో సమావేశమైన ఐరోపా కాలేయ నిపుణులు, కణితి మొత్తమును గాక జీవించియున్న భాగమును లెక్కింపవలెనని సూచించిరి. లెంచోని, ల్యోవెట్ అను వైద్యులు 2010లో ఆ సూచనను నియమరూపమున సవరించి ప్రకటించిరి. దాని ప్రకారము మెరపు పూర్తిగా మాయమైనచో, మచ్చ అంతే పెద్దదిగా మిగిలినను, ఫలితము సంపూర్ణమే. దారి మూసిన నాలుగు లేక ఆరు వారములకు రోగిని మరల చిత్రించి, పాత చిత్రముల ప్రక్కన క్రొత్తవానిని పెట్టి చూతురు. నల్లని మచ్చ అంచున ఒక మూల ఇంకను మెరయుచున్నచో, గొట్టమును ఆ మూలను పోషించు శాఖకు మరల పంపుటకు వీలున్నదేమో విచారింతురు.