కరెంటు మెషీన్ పక్కన పెట్టే ముందు

మన ఫిజియోథెరపిస్టులు పేపర్లు చదవరని, అందుకే పాత పద్ధతి వదలరని అంటారు. కానీ చదివినవాళ్లూ సోమవారం క్లినిక్‌కి రాగానే ఐఎఫ్‌టీ (ఇంటర్‌ఫెరెన్షియల్ కరెంటు) ప్యాడ్లే అంటిస్తారు. డాక్టరు చీటీలో "ఐఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్, 10 రోజులు" అని ఉంటుంది. ఓనర్ మెషీన్ లెక్కన బిల్లు వేస్తాడు. పేషెంటు వచ్చిందే కరెంటు పెట్టించుకోడానికి. ఈ ముగ్గురినీ అలాగే ఉంచి మీరొక్కరే మారితే పేషెంట్లు పక్క వీధికి పోతారు. మన ఖరగ్‌పూర్ ఖరిదాలో అయితే మరీ త్వరగా పోతారు. రైల్వే క్వార్టర్స్‌లో మాట పాకడానికి ఎంతసేపు కావాలి?

అందుకని ఒక్క సమస్యతో మొదలుపెట్టండి. మోకాలి నొప్పి తీసుకోండి, రోజూ వచ్చేదే. విడి పేపర్ల జోలికి పోకుండా ముందు గైడ్‌లైన్ చదవండి. ఆస్టియోఆర్థరైటిస్‌కి వ్యాయామమే ప్రధానమని 2022లో బ్రిటన్ నైస్ సంస్థ చెప్పింది. టెన్స్, అల్ట్రాసౌండ్, ఇంటర్‌ఫెరెన్షియల్ వల్ల లాభం ఉందనడానికి ఆధారం చాలదు కాబట్టి అవి ఇవ్వొద్దంది. తర్వాత పెడ్రో చూడండి. సిడ్నీలో 1999లో మొదలైన ఈ డేటాబేస్ ఉచితం. జాగ్రత్త: పెడ్రో స్కోరు 8 అంటే ట్రయల్ పద్ధతిగా జరిగిందని మాత్రమే అర్థం, చికిత్స పనిచేసిందని కాదు. మెషీన్లు అమ్మే రిప్రజెంటేటివ్ ఆ స్కోరు చూపించే మిమ్మల్ని బుట్టలో వేస్తాడు.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరైన 62 ఏళ్ల పెద్దాయన వచ్చాడనుకుందాం. ఎవరో "గుజ్జు అరిగిపోయింది" అని చెప్పి పంపారు. మీరు కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చోమంటే, "ఏటి బాబూ, పక్క క్లినిక్‌లో రెండు మెషీన్లు పెడతన్నారు, నువ్వు డ్రిల్లు చేయిస్తన్నావు?" అంటాడు. ఇక్కడ లెక్చర్ ఇవ్వొద్దు. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలిగాడో లెక్కపెట్టి ఆయన ముందే కార్డు మీద రాయండి. "బాబాయ్, ఈ అంకె పెరిగితే స్టేషన్‌లో ఓవర్‌బ్రిడ్జి మెట్లు ఎక్కుతావు" అనండి. డాక్టరు రాసిన కరెంటు మొదటి వారం మాత్రం ప్రతి సిట్టింగులో చివరి పది నిమిషాలు ఇవ్వండి. దాంతో గుజ్జు పెరుగుతుందని మాత్రం అనొద్దు. వ్యాయామంలో కొంచెం నొప్పి వస్తుందని ముందే చెప్పండి. చెప్పకపోతే మూడో రోజు నుంచి రాడు, పైగా మీరే కాలు పాడుచేశారంటాడు. పదిలో 5 దాకా ఉండి, మర్నాటికి తగ్గే నొప్పి అయితే ఫర్వాలేదు. మోకాలు వాచి వేడెక్కినా, జ్వరమున్నా, రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉన్నా వ్యాయామం ఆపి డాక్టరు దగ్గరికి పంపండి.

అసలు చిక్కు డబ్బు. 2013లో డెన్మార్క్‌లో మొదలైన గ్లాడ్ అనే ఆర్థరైటిస్ వ్యాయామ ప్రోగ్రామ్‌లో వారానికి రెండుసార్ల చొప్పున, థెరపిస్టు ఎదుటే 12 సిట్టింగులు. అంటే పది రోజుల కరెంటు ప్యాకేజీ బదులు ఆరు వారాల ప్యాకేజీ. నలుగురిని ఒకేసారి చేయించొచ్చు కూడా. ఓనర్‌తో సైన్స్ మాట్లాడకండి, ఈ లెక్క మాట్లాడండి. డాక్టరుతో అయితే పేషెంటు ఎదుట వాదన వద్దు. మూడు వారాల తర్వాత నాలుగు లైన్ల నోట్ పంపండి: మొదట నొప్పి ఎంత, ఇప్పుడెంత, మొదట ఎన్నిసార్లు లేచాడు, ఇప్పుడెన్ని. గైడ్‌లైన్ ప్రింటవుట్ జత చేసి పంపేవాళ్లని చూశాను. సీనియర్ డాక్టరుకి అది పాఠం చెప్పినట్టే ఉంటుంది.

వ్యాయామాల కాగితం విషయం. ఖరిదాలో తెలుగు మాట్లాడేవాళ్లందరికీ తెలుగు చదవడం రాదు. చాలామంది హిందీలోనో బెంగాలీలోనో చదువుకున్నారు. తెలుగు ప్రింటు ఇచ్చి ఊరుకుంటే అది మందుల కవర్లోనే ఉండిపోతుంది. వాళ్ల ఫోన్‌లోనే, వాళ్లు చేస్తుండగా, మీ గొంతుతో వీడియో తీసివ్వండి.

మధ్యలో మానేసినవాళ్లని రిజిస్టర్‌లోంచి కొట్టేయకండి, ఫోన్ చేసి కారణం రాసుకోండి. కొంతమందికి నొప్పి తగ్గి ఉంటుంది. కొంతమంది కరెంటు కోసం వేరేచోటికి పోయుంటారు. రైళ్లు నడిపే రన్నింగ్ స్టాఫ్‌కి డ్యూటీ ఏ రోజు ఎప్పుడు పడుతుందో వాళ్లకే తెలియదు. వాళ్లకి మంగళ, శుక్రవారాలని స్లాట్ ఇవ్వకుండా, వారంలో ఏవైనా రెండు రోజులు రమ్మనండి.