ఫొటోలకు భద్రత: ఏ డ్రైవ్ కొనాలి?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ 512 జీబీ, విండోస్ 11. పిల్లల ఫొటోలు, నా ట్యూషన్ నోట్సు అన్నీ అందులోనే ఉన్నాయి. బ్యాకప్‌కి ఏ డ్రైవ్ తీసుకోవాలి? సాఫ్ట్‌వేర్ కూడా కొనాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఒక టీబీ మామూలు హార్డ్‌డిస్క్ చాలు. ఎస్‌ఎస్‌డీ వేగంగా పనిచేస్తుంది, నిజమే. కానీ రాత్రి పెట్టి పడుకునే పనికి ఆ వేగం కోసం అదనంగా పోయడం దండగ. పైగా ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో పడి ఉంటే ఎస్‌ఎస్‌డీలో డేటా చెడిపోవచ్చు. హార్డ్‌డిస్క్‌కి ఆ బెడద తక్కువ. చేయి జారి కింద పడితే మాత్రం అంతే సంగతులు.

వెయ్యి రూపాయలకే 16 టీబీ అంటూ ఆన్‌లైన్‌లో ఊరించేవాటి జోలికి పోకండి. లోపల ఉండేది చిన్న మెమరీ కార్డు. పెద్ద సైజు చూపించేలా దాన్ని మారుస్తారు. అది నిండాక కూడా కాపీ అవుతున్నట్టే కనిపిస్తుంది, తీరా తెరిస్తే ఫైళ్లు ఉండవు.

సాఫ్ట్‌వేర్‌కి పైసా పెట్టక్కర్లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీ ఉంది. డ్రైవ్ తగిలించి ఉన్నంతసేపు గంటకోసారి మారిన ఫైళ్లను దాచిపెడుతుంది, పాత వెర్షన్లతో సహా. ఒక్క చిక్కు: డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివే చూస్తుంది. మీ నోట్సు డీ డ్రైవ్‌లో ఉంటే ఆ ఫోల్డర్‌ను లైబ్రరీలో చేర్చాలి.

పని కాగానే డ్రైవ్ తీసేయండి. తగిలించే ఉంచితే, రాన్సమ్‌వేర్ చొరబడినప్పుడు దాన్నీ వదలదు. మొదటి బ్యాకప్ అయిన రోజే ఒక ఫొటోను వేరే ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేసి, తెరిచి చూసుకోండి.