ఫైన్ కట్టేసినంత మాత్రాన



మేనల్లుడూ, సంక్రాంతికి భీమవరం దగ్గర కోడిపందేల బరిలో నీతోపాటు పట్టుబడ్డ కుర్రాళ్లంతా ఫైన్ కట్టేసి వదిలించుకుందామంటున్నారట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పందేల మీద కేసులు 1974 నాటి గేమింగ్ చట్టం కింద, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద పెడతారు. జడ్జిగారి ముందు తప్పు ఒప్పుకుని, డబ్బు కట్టి, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. డెల్టాలో దాన్నెవరూ నేరం అనుకోరు. నువ్వు పెట్టుకోబోయే అమెరికా వీసా లెక్కల్లో మాత్రం నేరం ఒప్పుకుని ఫైన్ కట్టడమంటే శిక్ష పడ్డట్టే.

స్టూడెంట్ వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు. క్షమాభిక్ష దొరికిన కేసైనా చెప్పాల్సిందే. ఒక్క జూదం కేసు సాధారణంగా వీసాకు అడ్డం కాదు. కావాలని దాచినట్టు తేలితే మాత్రం జీవితాంతం ప్రవేశ నిషేధం పడొచ్చు.

అమెరికా పౌరసత్వం దగ్గర ఇంకో మెలిక ఉంది. దరఖాస్తుకు ముందు మామూలుగా ఐదేళ్ల నడవడిక చూస్తారు. ఆ గడువులో చేసిన రెండు జూదం నేరాలకు శిక్ష పడిందా, సత్ప్రవర్తన లేనట్టే. ఏటా పండక్కి ఊరొచ్చి బరిలో దిగే ఎన్నారైలకు ఈ సంగతి తెలీదు.

దొంగతనం సంగతి వేరు. 2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో ఇద్దరు తెలుగు విద్యార్థినులు కొన్ని సరుకులకు డబ్బు కట్టకుండా బయటికొచ్చారని అరెస్టయ్యారు. రెట్టింపు కడతామన్నా పోలీసులు వినలేదు. అక్కడ దొంగతనాన్ని నీతిమాలిన నేరాల్లో కలుపుతారు. అదొక్కటే నేరమై, దానికి గరిష్ఠ శిక్ష ఏడాది దాటకుండా, పడ్డ శిక్ష ఆరు నెలలు మించకుండా ఉంటే ప్రవేశ నిషేధం నుంచి మినహాయింపు దొరుకుతుంది. రెండోసారికి అది ఉండదు.

కోర్టు కొట్టేసిన కేసులూ వెంటాడతాయి. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ (అక్కడి ప్రభుత్వం విదేశీ విద్యార్థుల వివరాలుంచే వ్యవస్థ) రికార్డులు రద్దయ్యాయి. వాళ్లలో ట్రాఫిక్ చలానాలే ఉన్నవాళ్లూ, కేసు కొట్టేసినవాళ్లూ ఉన్నారు. విద్యార్థులు కోర్టులకెక్కాక, నెలాఖరుకి ప్రభుత్వం వాటిని మళ్లీ తెరిచింది.

విదేశీయుడు నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందేమో లాయరు ముందే చెప్పి తీరాలని 2010లో పడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. మన లాయరు గారికి ఆ బాధ్యత లేదు, నువ్వే అడగాలి. కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు కావాలంటే 1967 నాటి పాస్‌పోర్టు చట్టం అడ్డొస్తుంది. దాని కింద వచ్చిన 1993 నోటిఫికేషన్ ప్రకారం కోర్టు అనుమతి తెచ్చుకోవాలి.

కాబట్టి వాయిదాకి ముందే వీసా కేసులు తెలిసిన లాయరుతో ఓసారి మాట్లాడు. ఒప్పుకోవాలో, పోరాడాలో ఆ తర్వాతే. ఏదైనా సరే ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, తీర్పులకు సర్టిఫైడ్ కాపీలు తీసుకుని, తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లిష్ అనువాదం చేయించి, ఇంటర్వ్యూ ఫైల్లో పెట్టుకో. ఖర్చు మీ మామయ్య చూసుకుంటాడు.