తాళంచెవి మీ అమ్మ దగ్గరే ఉండనీ

భీమవరం,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి చినబాబుని మీ అత్తయ్య ఆశీర్వదించి రాయునది. 

నువ్వు పంపిన ఇనప్పెట్టె చేరింది. ఎలా చేరిందో కూడా విను. గురువారం పొద్దున్న పదకొండింటికి ట్రాలీ ఆటో వాడు సందు మొదట్లో ఆగి, "లాకరు ఆర్డరు పెట్టిన మాస్టారి ఇల్లెక్కడండీ" అని కిళ్లీకొట్టు దగ్గర అడిగాట్ట. అట్టపెట్టె మీద లోపలున్నదాని బొమ్మ ఇంతేసి అచ్చు వేసి ఉంది. ఇద్దరు కుర్రాళ్లు మోసుకొచ్చి వీధరుగు మీద దింపి మంచినీళ్లు తాగుతుంటే, ఎదురింటావిడ వచ్చి దాని మీద చెయ్యేసి "బంగారానికేనా వదినా?" అని మీ అమ్మనడిగింది. సాయంత్రం మావుళ్లమ్మ గుడి దగ్గర ఎవరో చెబితే నాకు తెలిసింది. మీ నాన్న ఫోను ఆ తరవాత వచ్చింది. దొంగకి ఇంతకంటే మంచి శుభలేఖ ఎవరు పంపిస్తార్రా?

మర్నాడు వెళ్లి చూశాను. హాల్లో మూలన పెట్టి, మీద పాత గళ్ల దుప్పటి కప్పి, దాని మీద నీ పెళ్లి ఫోటో నిలబెట్టింది మీ అమ్మ. ముక్కాలిపీట అనుకుని కూచోబోయాను.

నువ్వు రాసిన మెయిలు మీ నాన్న ప్రింటు తీయించి నాకిచ్చాడు, ఎర్రపెన్ను గీతలతో సహా. అలవాటు పోలేదు పాపం. చదివాను. కోపం వచ్చింది, వెంటనే నీ మీద జాలీ వేసింది. అంత దూరాన కూచుని, ఈ వయసులో వాళ్లిద్దరే అంత ఇంట్లో ఉన్నారని రాత్రిళ్లు నీకు నిద్ర పట్టట్లేదని తెలుస్తూనే ఉంది. అమ్మా నాన్నా గుర్తొచ్చినప్పుడల్లా ఏదో ఒక సామాను కొని పంపిస్తున్నావు. పోయినేడు నడక యంత్రం వచ్చింది, దాని మీద మీ అమ్మ బట్టలారేస్తోంది.

కానీ ఆ మెయిల్లో ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను. "నంబరు నాన్నకీ నాకే తెలియాలి. అమ్మకి చెప్పొద్దు, అమ్మ అందరితోనూ అనేస్తుంది. తలుపు తెరిస్తే నా ఫోనుకి మెసేజి వస్తుంది." ఒరే నాయనా, అందులో పెట్టేది ఎవరి నగలు?

బ్యాంకులో పనిచేసినప్పుడు లాకర్ల గది తాళాల గుత్తి పదకొండేళ్లు నా దగ్గర ఉంది. మీ మావయ్య ఉండగా "మీ అత్తకి తాళంచెవుల పిచ్చి" అని ఏడిపించేవారు. అవును, పిచ్చే. ఆ గదిలో నేర్చుకున్నది అదొక్కటే. లాకరు తెరవాలంటే రెండు తాళంచెవులు పడాలి. ముందు బ్యాంకు వాళ్ల మాస్టర్ కీ తిప్పుతాం, ఆ తరవాత లాకరు గలాయన తన తాళంచెవి తిప్పుతాడు. నాది ఒక్కటే అయితే తలుపు రాదు, ఆయనది ఒక్కటైనా రాదు. తిప్పాక మేం బయటికి వచ్చేయాలి, లోపలేముందో చూడకూడదు. మేనేజరు గారికే ఆ హక్కు లేదు. మరి నువ్వు కన్నకొడుకువై, సొంతదారు తాళంచెవే లేకుండా పెట్టె తయారు చేశావు!

ఒకావిడ ఉండేది. పేరు చెప్పను, నీకు తెలిసిన ఇల్లే. శుక్రవారం శుక్రవారం వచ్చేది. ఏదీ తీసుకెళ్లేది కాదు, ఏదీ పెట్టేది కాదు. నేను మాస్టర్ కీ తిప్పి వెనక్కి వస్తుంటే స్టూలు లాక్కుని కూచునేది. ఒకసారి లెడ్జరు మరిచిపోయి వెనక్కెళ్లాను. తెల్లటి నేత చీర మీద కాసులపేరు వేసుకుని, కొంగు సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూచుని ఉంది. గదిలో అద్దం కూడా లేదు. నన్ను చూసి సిగ్గుపడి తీసెయ్యబోయింది. నేను ఏమీ చూడనట్టు లెడ్జరు తీసుకుని వచ్చేశాను. పది నిమిషాల తరవాత బయటికొచ్చి సంతకం పెట్టి, "వస్తానమ్మా" అని వెళ్లిపోయింది. అంతకంటే ఆ బంగారంతో ఆవిడకి పనేముంది? మీ అమ్మకైనా అంతే. తన నాన్తాడు తను తీసుకోవడానికి అక్కడ నీ ఫోను మోగాలా?

ఇప్పుడు చెప్పిన మాట విను. మొత్తం బంగారం లాకర్లోంచి ఇంటికి తెచ్చి ఈ పెట్టెలో పెట్టమన్నావు. వద్దు. బ్యాంకు బాధ్యత తక్కువని రాశావే, అది సగం నిజం. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక రిజర్వుబ్యాంకు నిబంధనలు మార్చింది. 2022 జనవరి 1 నుంచి నిప్పంటుకున్నా, దొంగలు పడినా, భవనం కూలినా, ఉద్యోగి మోసం చేసినా ఏడాది అద్దెకి వంద రెట్ల దాకా బ్యాంకు ఇచ్చుకోవాలి. అద్దె రెండు వేలైతే రెండు లక్షలన్నమాట. దానికి ఇవాళ రెండు కాసులు వస్తే గొప్ప, ఒప్పుకుంటాను. వరదకీ భూకంపానికీ అదీ లేదు. అయినా ఆ గదికి ఉన్న గోడ మీ ఇంటికి లేదు. మన లాకరు ఆంధ్రా బ్యాంకుది (2020 ఏప్రిల్ నుంచి యూనియన్ బ్యాంకు అయింది, నాకు మాత్రం ఇంకా పట్టాభి గారు బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకే). నామినీగా మీ నాన్న ఒక్కడి పేరే ఉంది. తరవాత నీ పేరూ మీ అక్క పేరూ వరసగా రాయించాలి. ఇప్పుడు నలుగురి దాకా రాసుకోవచ్చు, లాకరుకైతే ఒకరి తరవాత ఒకరుగానే. ఏడాదికోసారైనా మీ అమ్మని తీసుకెళ్లి తెరిపించాలి. ఏడేళ్లు ముట్టుకోకుండా ఉండి మనిషి ఆచూకీ లేకపోతే, అద్దె కడుతున్నా సరే, తెరిచే అధికారం బ్యాంకుకి ఉంది.

ఇంట్లో పెట్టెలోకి మీ అమ్మ పండగలకీ పేరంటాలకీ వేసుకునేవి, నెల ఖర్చుల డబ్బు, పాస్‌పోర్టులు, ఇన్సూరెన్సు కాగితాలు చాలు. దస్తావేజులూ పట్టాదారు పాస్‌పుస్తకమూ లాకర్లో, జిరాక్సులు ఇంట్లో.

నిప్పుకి తట్టుకుంటుందని రాశావు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి అంత ఘోరం జరిగితే, గోద్రెజ్ ఇనప్పెట్టెల్లో కాగితాలు చెక్కుచెదరలేదని పేరు. మా పాత మేనేజరు గారు వచ్చిన ప్రతి కొత్త గుమాస్తాకీ ఆ కథ చెప్పేవారు. కానీ మనది నీళ్ల దేశంరా. 86 ఆగస్టులో గోదావరి వచ్చినప్పుడు ఆచంట అవతల లంకలో మా పిన్ని వాళ్లు పిల్లల్నీ దూడనీ పడవెక్కించారు గానీ ఇనప్పెట్టెని నలుగురు పట్టినా కదల్లేదు. పిన్ని పడవలో కూచుని మొలకున్న తాళంచెవి పట్టుకునే ఉందిట, ఏటిగట్టు చేరేదాకా. వరద తీశాక నేనూ మీ మావయ్యా వెళ్లాం. తలుపు సందుల్లోంచి వండ్రు కారుతోంది. తెరిస్తే బంగారానికేం కాలేదు, కడిగితే పోయింది. దస్తావేజులు మాత్రం అట్టుపిండి అయ్యాయి. పిన్ని ఆ ముద్దని అరచేతిలో పెట్టుకుని, ఇందులో ఏది కొబ్బరితోట, ఏది ఇల్లు అని వెతుకుతోంది. నకళ్లన్నీ తీయించుకునేసరికి బాబాయికి రెండేళ్లు పట్టింది. నిప్పుకి ఆగే పెట్టె నీటికి ఆగుతుందని ఎవరూ రాసివ్వలేదు.

అందుకని హాల్లో నేల మీద వద్దు. అదీగాక నువ్వు పంపింది ముప్ఫై అయిదు కిలోలు. ఇద్దరు కుర్రాళ్లు లోపలికి మోశారంటే ఇద్దరు కుర్రాళ్లు బయటికీ మోస్తారు. బోల్టు వెయ్యని ఇనప్పెట్టె అంటే అన్నీ ఒకచోట సర్ది పెట్టిన సూట్‌కేసే. మీ ఇంటి గోడలు పాత సున్నం గోడలు, బోల్టు పట్టదు. పడగ్గదిలో చెక్క బీరువా పక్కన మొల ఎత్తున కాంక్రీటు దిమ్మ కట్టించి, పెట్టె అడుగు బెజ్జాల్లోంచి అందులోకి బోల్టులు దింపమని మన మేస్త్రీకి చెప్పాను. మీ అమ్మ మోకాళ్లకి వంగే పని ఉండదు, నీళ్లొచ్చినా కాస్త ఎత్తు. చుట్టూ రొయ్యల చెరువులాయె, ఈ చెమ్మకి ఇనుము ఏడాది తిరక్కుండా తుప్పు పడుతుంది. సిలికా జెల్ పొట్లాలు నాలుగు పడేసి, నెలకోసారి తలుపు తెరిచి గాలాడనిస్తే సరి. నంబరు పలక బ్యాటరీలు ప్రతి సంక్రాంతికీ మార్చమను, అయిపోయినా అయిపోకపోయినా.

ఇక తాళంచెవుల దగ్గరికి మళ్లీ రాక తప్పదు. పెట్టెతోపాటు రెండు వచ్చాయి, బ్యాటరీ పోతే తెరవడానికి. మీ నాన్న ఆ రెండూ భద్రంగా ఉంటాయని పెట్టెలోనే పెట్టి మూసేశాడు! ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మేష్టారు. నంబరు ఏం పెట్టాడో అడిగితే నీ పుట్టినరోజన్నాడు. మరిచిపోకుండా గోడ క్యాలెండరు మీద పాల లెక్క పక్కన రాసుకున్నాడు కూడా. నవ్వు ఆపుకోలేకపోయాను. తరవాత ఇంటికొచ్చి నవ్వలేదు. పోయిన నెల వాడు నన్ను రెండుసార్లు ఒకే సంగతి అడిగాడు. నీకు చెప్పొద్దన్నాడు, చెబుతున్నాను. అందుకే మీ అమ్మకి నంబరు తెలియాలి. నంబరు మరిచిపోయే రోజు ముందు వస్తే వాడికే వస్తుంది.

మీ అమ్మ నోట్లో మాట ఆగదంటావా? ఆ కంకిపాడు వ్యవహారం ఇరవై ఏళ్లు ఎవరు కడుపులో పెట్టుకున్నారో ఒకసారి గుర్తు తెచ్చుకో. ఇంకేం రాయను.

పనిమనిషిని మాన్పించమని కూడా రాశావు. మీ అమ్మ తుంటి విరిగి పడుకున్నప్పుడు నలభై రోజులు ఒళ్లు తుడిచింది ఎవరు? నువ్వు పదిహేను రోజులుండి వెళ్లావు, తప్పు కాదు, నీ సెలవు అంతే. నా సర్వీసులో నగల తగాదాలు చాలా చూశాను. బ్యాంకు దాకా వచ్చినవాళ్లంతా చుట్టాలే, పనివాళ్లు ఒక్కరూ లేరు. అందుకే ఉన్నవన్నీ ఫోటోలు తీసి, తూకంతో సహా ఒక కాగితం మీద రాసి, నీకొకటీ మీ అక్కకొకటీ పంపిస్తాను. ఈ పెట్టె సంగతి మీ అక్కకి చెప్పావా? చెప్పలేదని నాకు తెలుసు. చెప్పు.

మీ నాన్నకి దొంగల కంటే ఇన్‌కంటాక్సు వాళ్లంటే భయం. 1994లో ఇచ్చిన ఆదేశం ఇంకా ఉంది, సోదాలో పెళ్లయిన ఆడదాని దగ్గర 500 గ్రాముల దాకా, పెళ్లికాని పిల్ల దగ్గర 250, మగవాడి దగ్గర 100 పట్టుకెళ్లరని చెప్పు. నేను చెబితే నమ్మడు, చిన్నప్పటి నుంచీ అంతే.

మీ అమ్మా నాన్నా హైదరాబాదు వెళ్లేటప్పుడు, తాళం వేసిన ఇళ్లని కనిపెట్టి ఉండే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో పేరు పెట్టిస్తాను, వాళ్లొచ్చి ఇంట్లో కెమెరా పెడతారు. ఇంట్లో ఉండగా ఎవడైనా కత్తి పట్టుకుని వస్తే మారుమాట్లాడకుండా తెరిచి ఇచ్చెయ్యమని మీ అమ్మకి చెప్పాను. నీ నోటితో నువ్వూ చెప్పు. నంబరు తెలియదంటే వాడు నమ్మడు నాయనా. అది తలుచుకుంటేనే నాకు కాళ్లు చల్లబడుతున్నాయి. నీ మెయిల్లో ఆ ముక్క చదివినప్పటి నుంచీ నాకూ నిద్ర లేదు.

మేస్త్రీ బుధవారం వస్తానన్నాడు. నంబరు మార్పించాను, అదేమిటో నీకు రాయను. అవసరమైతే మీ అమ్మనడుగు. ఒక తాళంచెవి ఆవిడ మొలకి ఉంది, రెండోది నా దగ్గర ఉంది, నా తరవాత మీ అక్కకి. నీ ఫోనులో ఆ పెట్టె యాప్ తీసెయ్. రాత్రి తొమ్మిది లోపు మీ అమ్మకి ఫోను చెయ్యి, ఆ తరవాత నిద్రపోతుంది.

ఇట్లు,
మీ అత్తయ్య