గనుల నిధి మన ఊరికి రావాలంటే సంఘం ఏం చేయాలి?

సంఘాల కోసం పథకాల పాఠం

ఈ పాఠం ఎవరికి: గనులు, క్వారీల చుట్టుపక్కల ఊళ్లలోని పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు, గ్రామైక్య సంఘాలకు, యువజన సంఘాలకు, స్వచ్ఛంద సంస్థలకు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట ఒకే రకం కాగితం తరచూ కనిపిస్తుంది. "మా సంఘానికి గనుల నిధి నుంచి రూ.10 లక్షలు మంజూరు చేయగలరని ప్రార్థన." సంతకాలు, వేలిముద్రలు, సంఘం స్టాంపు అన్నీ ఉంటాయి. ఆ డబ్బుతో ఏ పని చేస్తారు, అది ఎవరికి, ఎక్కడ అన్నది మాత్రం ఉండదు. అలాంటి అర్జీ ముందుకు కదలదు. ఊరి అవసరం నిజమే, కానీ అడిగిన తీరు కుదరలేదు. ఎలా అడగాలో ఈ పాఠంలో చూద్దాం.

ఈ డబ్బు ఎక్కడిది?

2015లో గనుల చట్టాన్ని సవరించి, గనుల ప్రభావం పడే ప్రతి జిల్లాలో జిల్లా ఖనిజ నిధిని ఏర్పాటు చేయాలన్నారు. దీన్నే డీఎంఎఫ్ అంటున్నాం. ఇది లాభాపేక్ష లేని ట్రస్టు. దీనికి జిల్లా కలెక్టరు అధ్యక్షులు. సిమెంటు సున్నపురాయి, బొగ్గు, ఇనుము లాంటి పెద్ద ఖనిజాలకు కంపెనీ ప్రభుత్వానికి రాయల్టీ కడుతుంది. దానిపైన ఈ నిధికి విడిగా కట్టాలి. 2015 జనవరి 12కు ముందు లీజు పొందినవాళ్లు రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత వేలంలో పొందినవాళ్లు 10 శాతం కడతారు. అంటే రాయల్టీ రూ.100 అయితే నిధికి అదనంగా రూ.30 లేదా రూ.10 వస్తుంది. గ్రానైట్, కంకర లాంటి చిన్న తరహా ఖనిజాలకు ఎంత కట్టాలో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది.

దుమ్ము మన ఇంట్లో పడుతోంది, లారీలు మన రోడ్డు మీదే తిరుగుతున్నాయి. అందుకే ఈ నిధి మన ఊళ్ల కోసం పెట్టింది. ఇది ఎవరూ దయతలచి ఇచ్చే డబ్బు కాదు.

దేనికి ఖర్చు పెట్టొచ్చు?

ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ యోజన మార్గదర్శకాల ప్రకారం ఖర్చు పెట్టాలి. 2024లో వీటిని సవరించారు. గని నుంచి 15 కిలోమీటర్ల లోపు ప్రాంతం నేరుగా ప్రభావం పడే ప్రాంతం. 25 కిలోమీటర్ల దాకా పరోక్ష ప్రభావ ప్రాంతం. నిధిలో కనీసం 70 శాతం ముఖ్య అవసరాలకే పెట్టాలి. తాగునీరు, ఆరోగ్యం, చదువు, పర్యావరణం, పారిశుధ్యం, మహిళా శిశు సంక్షేమం, వృద్ధులు, దివ్యాంగుల సంక్షేమం, నైపుణ్య శిక్షణ, జీవనోపాధి, వ్యవసాయం, పశుపోషణ ఇందులోకి వస్తాయి. మిగతాది రోడ్లు, సాగునీరు, విద్యుత్తు, వాటర్‌షెడ్ లాంటి పనులకు.

సంఘం ఖాతాలో డబ్బు పడుతుందా?

సాధారణంగా పడదు. ఏటా వార్షిక ప్రణాళిక తయారవుతుంది, పాలక మండలి దాన్ని ఆమోదిస్తుంది. ఆ తర్వాత సంబంధిత శాఖ లేదా అమలు సంస్థ పని చేస్తుంది. కాబట్టి "మాకు డబ్బివ్వండి" అని కాకుండా "ఈ పని ప్రణాళికలో చేర్చండి" అని అడగాలి. ప్రణాళిక ఖరారయ్యాక వెళ్తే వచ్చే ఏడాది దాకా ఆగాల్సిందే.

సంఘం చేయాల్సిన నాలుగు పనులు

1. లెక్క తీయండి. "చాలామందికి ఇబ్బందిగా ఉంది" అని రాస్తే సరిపోదు. ఎన్ని ఇళ్లు, గని ఎంత దూరం, బోరు నీళ్లు ఎన్ని నెలలు వస్తాయి, క్వారీ పని మానేసినవాళ్లు ఎందరు, అందులో దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లు ఎందరు? ఇంటింటికీ తిరిగి రాసుకోండి. ఈ పని బయటివాళ్ల కంటే సంఘం సభ్యులే బాగా చేయగలరు.

2. గ్రామసభలో పెట్టండి. 2018 నుంచి ఏటా అక్టోబరు 2న పంచాయతీ ప్రణాళికల ప్రచారం మొదలవుతోంది. పొదుపు సంఘాలు ఊరి కోసం తయారుచేసే ప్రణాళికను కూడా పంచాయతీ ప్రణాళికలో కలపాలి. మీ అవసరాన్ని అందులో రాయించండి, గ్రామసభ తీర్మానం నకలు తీసుకోండి. షెడ్యూల్డ్ ప్రాంత గ్రామాల్లో గ్రామసభ ఆమోదం లేకుండా ఈ నిధి పనులు చేపట్టకూడదు.

3. ఒక పేజీ ప్రతిపాదన ఇవ్వండి. ఏ పని, ఎవరికి, ఏ స్థలంలో, ఏ శాఖ చేయాలి అన్నవి రాయండి. దానికి తీర్మానం నకలు, సర్వే లెక్క జతచేయండి. ఎంపీడీవో ఆఫీసులో ఒకటి, కలెక్టరేట్‌లో ఒకటి ఇచ్చి రశీదు తీసుకోండి. ఖర్చు అంచనా సంబంధిత శాఖ ఇంజినీర్లు వేస్తారు. మీరు ఊహించి అంకె వేయకండి.

4. తర్వాత ఎవరు నడుపుతారో చెప్పండి. ఇది చాలామంది మరిచిపోతారు. నేను ఫీల్డుకు వెళ్లినప్పుడు ఒక ఊళ్లో తాళం వేసిన ఆర్వో ప్లాంటు చూశాను. మిషను బాగానే ఉంది. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలక మూసేశారట. ప్లాంటు పక్క నుంచే ఆడవాళ్లు బిందెలతో వేరే వీధికి వెళ్తున్నారు. అందుకే మీ ప్రతిపాదనలో ఈ మాట రాయండి: "ప్లాంటు నడిపే బాధ్యత మా గ్రామైక్య సంఘానిది. క్యానుకు ఇంత తీసుకుని కరెంటు, ఫిల్టర్ల ఖర్చు భరిస్తాం. నెలనెలా లెక్క బోర్డు మీద రాస్తాం." కట్టడం శాఖ చేస్తుంది. దాన్ని పదేళ్లు నిలబెట్టగలిగేది సంఘమే.

సంస్థకు నేరుగా నిధులు వచ్చే దారి లేదా?

ఉంది, అది వేరే దారి. కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఏడాది నికర లాభం రూ.5 కోట్లు దాటిన కంపెనీ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ఆ పనిని స్వచ్ఛంద సంస్థల ద్వారా చేయించవచ్చు. అందుకు సంస్థకు రిజిస్ట్రేషన్, పాన్, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ, కనీసం మూడేళ్ల పని అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 ఫారం కూడా తప్పనిసరి. కొత్త సంఘాలు ఈలోగా మినిట్స్ పుస్తకం, ఏటా ఆడిట్ సరిగా పెట్టుకోవాలి. రేపు మొదట అడిగేది అవే.

మంజూరయ్యాక?

పని అక్కడితో అయిపోలేదు. పాలక మండలి సమావేశాల నిర్ణయాలు, వార్షిక ప్రణాళిక, పనుల పురోగతి జిల్లా ఖనిజ నిధి వెబ్‌సైటులో పెట్టాలి. ఫోనులో చూడండి. కనిపించకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు.

జాగ్రత్త: "కమీషన్ ఇస్తే గనుల నిధి ఇప్పిస్తాం" అని ఎవరైనా వస్తే నమ్మొద్దు. ప్రతిపాదన ఇవ్వడానికి ఎవరికీ రూపాయి కట్టనక్కర్లేదు.

ఈ వారం చేయాల్సింది

సంఘం సమావేశంలో ఈ మూడు ప్రశ్నలు అడగండి. మన ఊరు గనికి 15 కిలోమీటర్ల లోపు ఉందా? మనకు అన్నిటికంటే ముందు కావాల్సిన ఒక్క పని ఏది? అది వస్తే నడిపేది ఎవరు? జవాబులు మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టండి. మీ ప్రతిపాదనకు మొదటి కాగితం అదే.

ఈ పీడీఎఫ్‌ను మీ సంఘం వాట్సాప్ గ్రూపులో పంచండి. చదవడం రానివాళ్లకు సమావేశంలో ఒకరు పైకి చదివి వినిపించండి.