కువైటులో కలిసిన తెలుగు పలుకులు

ఒకే భాషను మాట్లాడువారందరును ఒకే తీరున మాట్లాడరు. నేల మారిన కొలది పలుకు మారును. ఈ సత్యమును నేర్పుటకు కువైటు దేశము చక్కని పాఠశాల.

కువైటునుండి చమురు ఎగుమతి 1946లో మొదలైనది. 1973లో చమురు ధర పెరిగిన పిమ్మట జీవనోపాధికై అచ్చటికి వెళ్ళిన తెలుగువారిలో రెండు ప్రాంతములవారు ముఖ్యులు. ఒకరు నల్లమల, శేషాచలము, పాలకొండల నడుమ నున్న కడప సీమవారు. రెండవవారు గోదావరీ తీరమువారు. స్వదేశమున దూరముగా నుండిన ఈ ఇరువురును పరదేశమున ఒకే గదిలో నివసింపవలసి వచ్చినది.

గోదావరివారు “ఎక్కడికి వెళ్తున్నావు?” అని అడుగుదురు. కడపవారు “యాడికి పోతాండావు?” అందురు. అచ్చటి “కొంచెము” ఇచ్చట “రోంత”. తండ్రి తల్లిని గోదావరి పిల్లలు “మామ్మ” యని పిలువగా, కడప పిల్లలు “జేజి” యందురు. కడప సీమలోని ముస్లిముల ఇండ్లలో ఉర్దూయు వినబడును. పరదేశమున ఇకామా, కఫీలు, బతాకా, ఖుబూసు వంటి అరబ్బీ మాటలు అందరి నోటను చేరినవి.

“పోవు” అను మాట కొందరి చెవికి మోటుగా తోచవచ్చును. కాని అది ప్రాచీన కావ్యములలో గౌరవముగా వెలసిన మాటయే. నేటివరకు తెలిసిన తెలుగు శాసనములలో తొలిదిగా పండితులు పేర్కొను కలమళ్ళ శాసనము, సుమారు క్రీ.శ. 575 నాటిది, కడప సీమలోనిదే. పదకవితా పితామహుడు అన్నమాచార్యుడు జన్మించిన తాళ్ళపాకయు రాజంపేట చెంతనే కలదు. అట్టి సీమ పలుకును హేళన చేయుట అజ్ఞానము.

కోరంగి మొదలైన రేవులనుండి ఓడలెక్కి చెరకు తోటలకు చేరిన కూలీల వెంటను ఇట్టి పలుకులే వెళ్ళినవి. కాలక్రమమున మారిషస్‌లో క్రియోలు, నాటాలులో ఇంగ్లీషు ఇంటి భాషలైనవి. తాతల పలుకులలో మిగిలినవి కొన్ని పాటలు, వంటల పేర్లు, బంధువుల పిలుపులు మాత్రమే.

కువైటులో శ్రమించు తల్లులు పలువురి బిడ్డలు స్వగ్రామమున జేజి యొద్దనో మామ్మ యొద్దనో పెరుగుచున్నారు. ఫోనులో వినబడు ఆ పలుకే వారిని కలుపు వంతెన. తోటల కూలీలకు అట్టి వంతెన లేకుండెను.

కావున బడిలో గ్రంథభాషను నేర్పుడు. ఇంటిలో ఇంటి పలుకును నిలుపుడు. వృద్ధుల నోట మిగిలిన ఒక్కొక్క మాటను, దాని అర్థముతోను ఊరి పేరుతోను, నేడే వ్రాసి యుంచుడు. పలుకు నశించిన పిమ్మట వెదకిన దొరకదు.