మూడు ఒకేలా కడిగి పంపు

తెనాలి

బుజ్జీ,

నువ్వు పంపిన రెండు ఫోటోలు నిన్న అందాయి. కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూస్తుంటే మీ అత్తయ్య వచ్చి, "ఒకటి పొద్దున తీసింది, ఒకటి సాయంత్రం తీసిందా?" అంది. రెండూ ఒకే నెగెటివ్ అంటే నమ్మదే! కోప్పడకు. మొదటిది చూసి నేను మురిసిపోయాను. గోల్కొండ గోడ మీద ఎండ ఎంత బాగా పట్టావో! కానీ తల్లీ, అది నువ్వు రప్పించావా, దానంతటదే వచ్చిందా? రెండోసారి రాలేదంటే మొదటిదీ నీ చేతిలో లేదన్నమాటే.

రాత్రి ఒంటిగంట దాకా బాత్రూమ్ తలుపేసుకుని కూర్చుంటున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించావా? ముందు ఆ పని చూడు. నేను పెట్టించుకోక ఏళ్ల తరబడి దగ్గాను.

ఇంకో సంగతి కూడా చెబుతాను. నేను స్టూడియో పెట్టిన రెండో ఏడు, ముగ్గురు అన్నదమ్ములు చనిపోయిన తల్లి నెగెటివ్ తెచ్చి 12-15 సైజులో తలా ఒకటి అడిగారు. మొదటిది మధ్యాహ్నం కడిగాను, మిగతావి దీపాలు పెట్టే వేళ. పెద్దాయనకు వెళ్లిన ఫోటోలో ఆవిడ నిండుగా ఉంది, చిన్నాయనకు వెళ్లిన దాంట్లో పాలిపోయింది. అతనేమీ తిట్టలేదు. "మా అమ్మ నాకొక్కడికే జబ్బు మనిషిలా వచ్చిందేమండీ?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. సాయంత్రం ఊరంతా లైట్లు వేస్తే వోల్టేజీ పడిపోయేది. వోల్టేజీ నూటికి పది తగ్గితే ఎన్‌లార్జర్ ఫిలమెంటు బల్బు వెలుగు నూటికి ముప్పై దాకా తగ్గిపోతుంది. నేను మాత్రం అవే సెకన్లు లెక్కపెట్టాను. డెవలపరేమో పొద్దుటిది, అప్పటికే నీరసపడింది. పైగా ఎర్ర బల్బు కింద పేపరు నల్లబడ్డట్టు కనిపించగానే చాల్లే అని లాగేశాను. ఆ వెలుగులో అన్నీ ఉన్నదానికంటే నల్లగానే కనిపిస్తాయి. మూడు తప్పులూ కలిసి ఆవిడ మొహాన్ని తెల్లబరిచాయి.

అందుకే చెబుతున్నా, విను. స్టెబిలైజర్ కొనుక్కో. ఒక థర్మామీటర్ కూడా. డెవలపర్ 20 డిగ్రీల్లో ఉండాలి, మన ఎండాకాలం కుళాయి నీళ్లేమో చెయ్యి కాలుస్తాయి. ఐసు ముక్కలు డెవలపర్లో వెయ్యకు. నేను వేసి పల్చన చేసుకున్నాను. పెద్ద ట్రేలో ఐసు నీళ్లు పోసి, అందులో డెవలపర్ ట్రే పెట్టు.

అయినా వేడి ఒకే తీరుగా నిలవకపోతే ఒక ఉపాయం ఉంది. పేపరు ముంచాక బొమ్మ ఆనవాలు ఎన్ని సెకన్లకు కనిపించిందో చూసుకో. 20 సెకన్లకైతే, ఆరు రెట్లు, అంటే రెండు నిమిషాలు ఉంచు. వేడెక్కి 15 సెకన్లకే కనిపిస్తే తొంభై చాలు. ఆ ఆరు మాత్రం మార్చకు. పాకానికి చూపు చాలు, పేపరుకు గడియారం కావాలి.

టెస్ట్ స్ట్రిప్పుకు సెకన్లు సమానంగా కాదు, రెట్లలో పెంచు: 8, 11, 16, 22. ఏది నచ్చిందో పేపరు ఆరాక తేల్చు. తడి మీద మెరిసే తెలుపు ఆరితే కాస్త మందగిస్తుంది. తర్వాత ప్రింటు వెనక పెన్సిల్‌తో అన్నీ రాయి. ఎన్‌లార్జర్ ఎత్తు, లెన్సు ఎంత మూసావో, ఫిల్టరు, సెకన్లు, ఏ పేపరు, చెయ్యి ఎక్కడ ఎంతసేపు అడ్డం పెట్టావో. పేపరు డబ్బా మారితే, కంపెనీ అదే అయినా, మళ్లీ స్ట్రిప్పు వెయ్యాల్సిందే. "గుర్తుంటుందిలే మావయ్యా" అంటావు. నేనూ అలాగే అనుకున్నాను. అప్పట్లో ఊటీ నుంచి వచ్చే ఇందు పేపరు మీద వేసిన మంచి ప్రింట్లు కొన్ని నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. ఎలా వేశానో నాకే తెలీదు.

ఇదంతా చాదస్తం అనుకోకు. ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలో హెర్నాండెజ్ అనే ఊరి మీద లేచిన చంద్రుణ్ణి తీశాడు. ఆ ఒక్క నెగెటివ్‌నే దశాబ్దాల పాటు మళ్లీమళ్లీ ప్రింటు వేశాడు. పోనుపోను ఆకాశాన్ని మరింత నల్లగా వేశాడు. పియానో నేర్చినవాడు కదా, నెగెటివ్‌ను రాసిపెట్టిన స్వరంతో, ప్రింటును కచేరీతో పోల్చేవాడు. నువ్వూ మార్చు, ఎవరొద్దన్నారు? కానీ సంగతి వేయడం వేరు, శ్రుతి తప్పడం వేరు.

ఈ కవర్లో అమ్మమ్మ నెగెటివ్ పెట్టాను, పెరట్లో తులసికోట దగ్గర తీసింది. అంచులు పట్టుకునే తియ్యి, హైపో అంటిన చేత్తో ముట్టుకోకు. మూడు కడుగు. ఫైబర్ పేపరైతే గంటసేపు పారే నీళ్లలో ఉంచు, విసుక్కోకు. మీ అమ్మకొకటి, చిన్న మావయ్యకొకటి, నాకొకటి. ఏది ఎవరిదో పేర్లు మాత్రం రాయకు. చేతికి ఏది వస్తే అది తీసుకుంటాం.

వేళకు తిను.

మీ మావయ్య